వరుసలో చివరి చోటు

శనివారం నాటికి మా పాత పక్కింటి బూబూ పోయి నూరు రోజులవుతుందని అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను క్రైస్ట్‌చర్చ్ రిక్కార్టన్‌లో నా ఫ్లాట్ వంటింట్లో నిలబడి, ఒక్క మనిషికి ఎన్ని బియ్యం పోయాలో ఇన్నేళ్ళయినా తేలక కుక్కర్ వైపు చూస్తున్నాను. ఫిజీ వాళ్ళకి నూరో రోజు పెద్ద రోజు. అప్పటిదాకా ఇంటివాళ్ళు ఆటా పాటా ముట్టరు. ఆ రోజు అందరూ కూడి, ప్రార్థన చేసుకుని, కడుపునిండా తిని, దుఃఖం దించేసి మళ్ళీ పాట ఎత్తుకుంటారు. బూబూ పోయిన వారంలోనే ఆమెని ఫిజీ తీసుకెళ్ళి అక్కడే సమాధి చేశారు కాబట్టి మాకు మిగిలింది ఈ నూరో రోజే. "నాకు డ్యూటీ పడిందే. నువ్వెళ్ళు షారూ. మన తరఫున ఎవరో ఒకళ్ళుండాలి కదా," అంది అమ్మ. మన తరఫున ఉన్నదే ఇద్దరం. అందులో ఒకరికి డ్యూటీ.

ముప్పై నిండకుండా జ్ఞాపకాలు రాయడానికి కూర్చోవడం నాకే కొంచెం సిగ్గుగా ఉంది. జ్ఞాపకాలు రాయాలంటే జుట్టు నెరవాలి, మోకాళ్ళ నొప్పులు పుట్టాలి, కనీసం ఒక మనవడైనా వినకుండా లేచి వెళ్ళిపోవాలి. నాకు ఇవేవీ లేవు. కానీ నా చిన్నతనంలో నన్ను చూసినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. ఇంకొంచెం ఆగితే నేను చెప్పేది అబద్ధమని చెప్పడానికి కూడా ఎవరూ మిగలరు.

చిన్నప్పుడు వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో మేముండేది ఒకే చెక్క ఇంటిని మధ్యలో గోడ కట్టి రెండుగా చేసిన ఇల్లు. సగం మాది, సగం బూబూది. నాన్న నాకు గోడ మీది ఫోటోగానే తెలుసు. ఆయన పోయాక అమ్మ బాపట్ల ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వదిలి, నన్ను తీసుకుని ఇక్కడికొచ్చి, ముసలివాళ్ళని చూసుకునే హోమ్‌లో చేరింది. మధ్యాహ్నం షిఫ్టు. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఉండేది కాదు, అమ్మ వచ్చేసరికి నేను నిద్రపోయేదాన్ని. మధ్యలో ఇంట్లో అమ్మ వాసన మాత్రం ఉండేది. ఇంగువ తాలింపు, తడి తువాలు, పాండ్స్ పౌడరు. అమ్మకి పౌడరు అంటే దేవుడి తర్వాత దేవుడంతటిది. ఆదివారం చర్చికి వెళ్ళే ముందు నన్ను నిలబెట్టి మొహానికి, మెడకి, మెడ వెనక్కి, చెవుల వెనక్కి ఓపిగ్గా పట్టించేది. ఎక్కడా తెల్లగా మచ్చ కనపడకూడదు. వారంలో అమ్మ చేతులు నా మీద అంతసేపు ఉండేది అప్పుడొక్కసారే కాబట్టి నేను మెడ ఎంత సేపైనా వంచి ఉంచేదాన్ని.

మిగతా ఆరు రోజులూ నేను గోడలతో మాట్లాడేదాన్ని. బడిలో నా ఇంగ్లీషు విని నవ్వేవాళ్ళు కాబట్టి ఇంటికొచ్చి తెలుగులో వాళ్ళకి జవాబులు చెప్పేదాన్ని. అద్భుతమైన జవాబులు. అవతలివాళ్ళు లేకపోతే నేను చాలా తెలివైనదాన్ని. ఒకరోజు వెనక తోటలో బట్టలు తీస్తూ ఎవరినో కడిగేస్తున్నాను. కంచె అవతల నుంచి ఒక పెద్ద తెల్ల జుట్టు లేచింది, దాని కింద ఒక మొహం వచ్చింది.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంది.

"ఎవరితోనూ కాదు."

"అయితే ఇటొచ్చి మాట్లాడు. ఇక్కడా ఎవరూ లేరు."

అలా బూబూ దొరికింది. ఫిజీ భాషలో బూబూ అంటే అమ్మమ్మ, నాయనమ్మ, ఏదైనా సరే. పేరు లొసానా. వెల్లింగ్టన్ ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి నేలలు తుడిచి, తుంటి ఎముక అరిగాక ఇంట్లో కూర్చుంది. పిల్లలు ఆస్ట్రేలియాలో ఒకరు, ఆక్లండ్‌లో ఒకరు. ఆమె ఇంట్లో సోఫా ఉండేది కానీ దాని మీద ఉతికిన బట్టలు కూర్చునేవి, మనుషులు కింద చాప మీద కూర్చునేవాళ్ళు. కొబ్బరినూనె వాసన, కొబ్బరిపాలల్లో ఉడికే చేమాకు వాసన, కర్రపెండలం ఉడికిన ఆవిరి. కూర్చున్న పెద్దవాళ్ళ ముందు నుంచి నిటారుగా నడవకూడదు, నడుం వంచి "తులో", అంటే క్షమించండి, అని గొణుక్కుంటూ వెళ్ళాలి. ఇంట్లో బూబూ ఒక్కతే ఉన్నా, ఆమె గుర్రు పెట్టి నిద్రపోతున్నా, ఈ నియమం వర్తించేది. ఒకసారి నిద్రపోతోంది కదా అని మామూలుగా నడిచాను. కళ్ళు తెరవకుండానే "నాకు కాళ్ళు వినపడుతున్నాయి," అంది.

మంగళవారం సాయంత్రాలు ఆమె నన్ను వాళ్ళ చర్చి వెనక హాలుకి తీసుకెళ్ళేది. అక్కడ వాళ్ళ దీవి వాళ్ళు కలిసి నాట్యం నేర్చుకునేవాళ్ళు. ఆ పాటా ఆటా కలిపి మెకే అంటారు. అమ్మ దాన్ని చివరిదాకా "మేక డాన్సు" అనే అంది. అందులో ఆడవాళ్ళు చేసేది ఎక్కువగా కూర్చుని చేసే నాట్యం. ఇంత తెలివైన కళ నేను ఇంకెక్కడా చూడలేదు. కాళ్ళు మడిచి వరుసలుగా చాపల మీద కూర్చుంటారు, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా. కదిలేవి చేతులు, మెడ, కళ్ళు. అయినా సముద్రం వచ్చేస్తుంది, పడవలు వచ్చేస్తాయి, వల పడుతుంది, పక్షి లేస్తుంది. పాడేవాళ్ళు పక్కన గుంపుగా, చూసేవాళ్ళకి వీపు పెట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. ఒకరు చిన్న చెక్క దొప్పని కర్రలతో కొడతారు, ఇద్దరు ముగ్గురు వెదురు గొట్టాలని చాప మీద దభీమని దించుతారు, మిగతావాళ్ళు అరచేతులు దొప్పలా వంచి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు మన చప్పట్లలా టపటపమనవు. బావిలో ఏదో పడ్డట్టు లోతుగా మోగుతాయి. అన్నింటికన్నా ముందు ఒక్క గొంతు ఒంటరిగా మొదలుపెడుతుంది. తర్వాత ఇంకో గొంతు దాని మీద ఎక్కుతుంది, ఆ తర్వాత కింద నుంచి అందరూ. ఆ మొదటి గొంతు బూబూది. పాడే ముందు ఆమె కట్టుడు పళ్ళు తీసి చేతిరుమాలులో చుట్టి నాకిచ్చేది. వాళ్ళ సంగీతంలో నా మొదటి బాధ్యత అదే.

ఇంట్లో వంట చేస్తూ నాకు చేతులు నేర్పేది. నేను పక్షిని చేస్తే గరిటె పట్టుకుని చాలాసేపు చూసి, "అది ఎగిరే పిట్టా? నాకు కోడి కనపడుతోంది," అనేది. శీతాకాలం గడిచేసరికి నా కోడి ఎగరడం నేర్చుకుంది. అప్పుడు నాకు ఆ వరుసలో కూర్చోవాలనిపించింది. మామూలుగా అనిపించడం కాదు. మోకాలికి మోకాలు తగిలే ఆ వరుసలో ఒక చోటు దొరికితే ఇక ఏమీ అడగనని రోజూ ప్రార్థన చేసేటంతగా అనిపించింది. దేవుడికి ఆ ఒప్పందం మీద ఎప్పుడూ నమ్మకం లేదనుకుంటాను.

బూబూని అడిగితే గరిటె పక్కన పెట్టింది. "ఆ పాట మా ఊరిది. ఆ వరుసలో కూర్చునేవాళ్ళు ఆ ఊరి పిల్లలు. రమ్మని నేను అనలేను. మీ వాళ్ళు ఎవరైనా వచ్చి మా గుంపు పెద్దాయన్ని అడగాలి."

"మా వాళ్ళంటే అమ్మే."

"అయితే అమ్మే. కావా వేళ్ళు పట్టుకుని రావాలి. కింద కూర్చుని, ముందు పెట్టి, మాట చెప్పాలి."

ఇక్కడ చిక్కొచ్చింది. అమ్మ ఎవరినీ ఏదీ అడగని మనిషి. చలికి హీటర్ పాడైతే ఇంటి ఓనరుని అడగలేక నాకు రెండు స్వెటర్లు తొడిగిన మనిషి. దానికి తోడు కావా అంటే మిరియపు జాతి మొక్క వేరు, దంచి నీళ్ళలో పిసికి తాగుతారు అని బూబూ కంచె మీద చేతులు పెట్టి వివరిస్తుంటే, అమ్మ మొహం మా పాస్టరు మొహంలా మారిపోయింది.

"తాగితే ఏమవుతుంది?" అంది అమ్మ.

"ఏమీ అవదు సిస్టర్. మనసు నెమ్మదిస్తుంది."

"మందు తాగేవాళ్ళందరూ అదే చెప్తారు."

"మా పాస్టరు కూడా తాగుతాడు."

"చూశావా," అని అమ్మ నా వైపు తిరిగింది తెలుగులో. "పాస్టరు కూడానంట. ఈ మేక డాన్సు నీకెందుకే? బడి ఉంది, చర్చి ఉంది, ఇల్లుంది."

"ఇల్లుంది. ఇంట్లో ఎవరున్నారు?" అన్నాను.

ఇది నేను ఎదురు మాట్లాడిన సందర్భాల్లో బాగా కుదిరిందని చెప్పుకోవాలి, కానీ అమ్మ బట్టలు తీసుకుని లోపలికి పోయింది. నాకు గెలిచినట్టు అనిపించలేదు. బూబూ కంచె అవతలే నిలబడి, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, "అది అనకుండా ఉండాల్సింది," అంది.

తర్వాతి మంగళవారం నేను హాల్లో గోడకి ఆనుకుని, బూబూ పళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నాను. తలుపు తెరుచుకుని అమ్మ వచ్చింది. హోమ్ యూనిఫారంలోనే ఉంది, మెడలో పేరు బిళ్ళ తీయలేదు. టీ బ్రేకులో కారేసుకుని వచ్చేసింది. చేతిలో ఫిజీ ఇండియన్ల కొట్టులో కొన్న కావా వేళ్ళ కట్ట, న్యూస్‌పేపర్లో చుట్టి. దాన్ని ఒంటికి దూరంగా, పక్కింటివాళ్ళ పిల్లాడి తడి డైపర్ పట్టుకున్నట్టు పట్టుకుంది. పాట ఆగింది. అందరూ కింద కూర్చుని ఉన్న హాల్లో అమ్మ ఒక్కతే నిలబడి ఉంది. బూబూ కళ్ళతోనే నేల చూపించింది. అమ్మకి నేల మీద కూర్చుని వేడుకోవడం అంటే తెలిసిన పద్ధతి ఒక్కటే. మోకాళ్ళూని, కావా కట్ట పెద్దాయన ముందు పెట్టి, కొంగు లేకపోయినా తల మీద కొంగు ఉన్నట్టు సర్దుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. తెలుగులో.

"కృపగల తండ్రీ, ఈ సాయంకాల సమయమందు ఈ బిడ్డను మీ సన్నిధికి తీసుకొచ్చాను," అని మొదలైంది. అమ్మ ఇంగ్లీషు ముసలివాళ్ళకి మాత్రలు ఇవ్వడానికి సరిపోతుంది కానీ అడుక్కోవడానికి సరిపోదు. అడుక్కునే భాష ఆమెకి చర్చి తెలుగు ఒక్కటే. హాల్లో అందరూ భక్తిపరులు. ఎవరైనా కళ్ళు మూస్తే కారణం అడక్కుండా వాళ్ళూ మూస్తారు. కాబట్టి అందరూ తలలు వంచారు. కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కదాన్నే. ఆ హాల్లో తెలుగు వచ్చినదీ నేనొక్కదాన్నే.

"దీనికి నేను తప్ప ఎవరూ లేరు తండ్రీ," అంది అమ్మ. "నేనూ ఉండట్లేదు. ఇది గోడలతో మాట్లాడుకుంటోంది. నేను రాత్రి వచ్చి తలుపు దగ్గర వింటున్నాను. నిద్రలో కూడా ఎవరితోనో మాట్లాడుతోంది. వీళ్ళ మధ్య దీనికింత చోటివ్వండి. నాకు ఇంకెవరినీ అడగడం తెలియదు."

నాతో ఎప్పుడూ అనని మాటలు. నేను చేతుల్లో ఉన్న పళ్ళ మూట వైపు చూస్తూ కూర్చున్నాను. "ఆమెన్," అంది అమ్మ. "ఎమెనీ," అన్నారు అందరూ. పెద్దాయన కావా కట్ట మీద చెయ్యి వేసి, ఫిజీ భాషలో అంతకంటే పొడుగ్గా జవాబు చెప్పాడు. చివర్లో అందరూ ఆ లోతైన చప్పట్లు కొట్టారు. ఒకరు అన్నది ఇంకొకరికి ముక్క అర్థం కాలేదు, పని మాత్రం జరిగిపోయింది. తర్వాత కొబ్బరి చిప్పలో కావా పోసి అమ్మకిచ్చారు. అమ్మ చిప్పలోకి చూసింది, పైకి చూసింది, క్షమాపణ చెప్పుకున్నట్టు పెదాలు కదిలించి గటగటా తాగేసింది. "బురద కషాయంలా ఉందే," అంది నాతో. కాసేపటికి నాలుక మొద్దుబారి, కారు దాకా నన్ను తిట్టాలని ప్రయత్నించి మానేసింది.

అలా నాకు రెండో వరుసలో చివరి చోటు దొరికింది.

అక్టోబరులో ఫిజీ వాళ్ళ పండగ. బడి హాలు అద్దెకి తీసుకున్నారు. చేతులకి కొబ్బరినూనె రాశారు, నడుముకి చెట్టుబెరడు గుడ్డ చుట్టారు, మెడలో ఆకుల దండ వేశారు. అమ్మకి డ్యూటీ. సెలవు అడిగావా అంటే "అడిగాలే" అంది, అంటే అడగలేదని. పాట మొదలయ్యాక ఒక సంగతి జరిగింది, అది నాకు ఎవరూ చెప్పలేదు. నాట్యం మధ్యలోనే చూసేవాళ్ళు లేచి, నడుములు వంచి వచ్చి, తమ పిల్లల మెడల మీద, భుజాల మీద టాల్కం పౌడరు చల్లుతున్నారు. అది వాళ్ళ మెప్పుకోలు. ఎవరో తల్లి వచ్చి కూతురి మెడ మీద గుప్పుమనిపించి, నోట్లో చాక్లెట్ కుక్కి వెళ్ళింది. ఎవరో తాత, ఎవరో మేనత్త. నా ముందు కూర్చున్న వరుసలో మెడలన్నీ తెల్లబడుతున్నాయి. నా పక్క అమ్మాయికి ముగ్గురొచ్చారు, ఆ పౌడరు గాలికి నా మీద కొంచెం పడింది, అదీ తుమ్ము తెప్పించడానికి. బూబూ పాడే గుంపులో వీపు పెట్టి కూర్చుంది, మొదటి గొంతు లేచి రావడం కుదరదు. నా చేతులు పడవ నడుపుతున్నాయి, వల వేస్తున్నాయి, నా మెడ మాత్రం నల్లగా, శుభ్రంగా, ఎవరి తాలూకూ కానట్టుగా ఉంది. నవ్వడం కూడా నాట్యంలో భాగమే కాబట్టి నవ్వుతూనే ఉన్నాను.

అప్పుడు వెనక తలుపు దగ్గర యూనిఫారం కనపడింది. మళ్ళీ టీ బ్రేకే. అమ్మ పక్కనున్న ఆవిడని ఏదో అడిగింది, ఆవిడ చేతిలోని పౌడరు డబ్బా తీసుకుంది, నడుం వంచి "తులో, తులో" అనుకుంటూ మనుషుల మధ్య నుంచి నా దాకా వచ్చింది. వాళ్ళయితే చల్లి వెళ్ళిపోతారు. మా అమ్మకి పౌడరు చల్లడం ఎలా తెలుస్తుంది? నా వెనక మోకాళ్ళూని, అరచేతిలో పోసుకుని, ఆదివారం పట్టించినట్టే పట్టించడం మొదలుపెట్టింది. మెడకి, మెడ వెనక్కి, చెవుల వెనక్కి. ఆకుల దండ పైకెత్తి దాని కిందకి. కొబ్బరినూనె మీద పౌడరు ముద్దలు కడుతుంటే "ఇదేం నూనే, జిడ్డు," అని సణుక్కుంటూ వేలితో సమంగా రాసింది. నేను అలవాటు కొద్దీ మెడ వంచాను. ఆ పాటలో అక్కడ మెడ వంచడం లేదు. నా పక్క అమ్మాయి నన్ను చూసి తనూ వంచింది, దాని పక్కది కూడా. పాడేవాళ్ళు ఆ చరణాన్నే మళ్ళీ ఎత్తుకున్నారు, అమ్మ పని అవలేదని ఇంకోసారి ఎత్తుకున్నారు. హాల్లో నవ్వులు మొదలయ్యాయి, తర్వాత చప్పట్లు. అమ్మ చివరికి నా మొహం తన వైపు తిప్పుకుని, మచ్చలేమీ లేవని చూసుకుని, గడియారం చూసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున "ఎలా చేశానమ్మా?" అని అడిగాను.

"చేతులు కనపళ్ళేదే వెనక నుంచి. మెడ మాత్రం బాగుంది," అంది.

ఆ తర్వాతి ఏడు అమ్మకి పామర్‌స్టన్ నార్త్ ఆసుపత్రిలో నర్సు పని దొరికింది. చదును ఊరు, సైకిళ్ళు, కంచె అవతల నుంచి ఎవరూ తల ఎత్తని ఇల్లు. ఒకసారి బూబూని చూడటానికి వెళ్తే రెండో వరుస చివర్లో వేరే అమ్మాయి కూర్చుని ఉంది. దాని పక్షి నా పక్షి కంటే బాగుంది. చదువైపోయి నేను క్రైస్ట్‌చర్చ్ వచ్చాను, ఫార్మసీలో పని. ఇప్పుడు నాకు గోడలతో మాట్లాడే అవసరం లేదు, ఫోన్ ఉంది. మన వాళ్ళ పండగలకి వెళ్తే కాగితం పళ్ళెం పట్టుకుని నిలబడతాను. "ఇంకా సెటిల్ అవ్వలేదా అమ్మా?" అని ఆంటీలు అడుగుతారు, అవుతున్నానని చెప్తాను. ఇల్లు వెచ్చగా ఉంచే హీట్ పంప్ బాగా పని చేస్తుంది. మనిషి మోకాలు నా మోకాలికి తగిలి ఎన్నాళ్ళయిందో నూరో రోజుకి వెళ్ళే విమానంలో పక్క సీటాయన కాళ్ళు చాపినప్పుడు తెలిసింది. ఆయన సారీ చెప్పి ముడుచుకున్నాడు. ఫరవాలేదన్నాను, నిజంగానే ఫరవాలేదని ఆయనకి తెలిసే అవకాశం లేదు.

రిక్కార్టన్‌లో కావా వేళ్ళు దొరికాయి. విమానంలో దారి పొడుగునా ఏం చెప్పాలో సాధన చేశాను. ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఎక్కడ చిక్కుపడితే అక్కడ చర్చి తెలుగులోకి దిగిపోదామని. లోవర్ హట్‌లో ఆ పాత హాలు తలుపు దగ్గర ఒక కుర్రాడు కట్ట అందుకుని, "థాంక్స్, అక్కడ పెట్టేస్తా," అని కూల్‌డ్రింకు డబ్బాల పక్కన పెట్టేశాడు. పెద్దాయన ఎప్పుడో పోయాడు. నాకు తెలిసిన మొహాలు రెండో మూడో ఉన్నాయి కానీ వాళ్ళకి నేను తెలియలేదు, తెలియజెప్పే ధైర్యం నాకు రాలేదు. ప్రార్థన అయింది. చేమాకు, కర్రపెండలం తిన్నాం. బూబూ ఫోటో ముందు ఆస్ట్రేలియా మనవలూ ఆక్లండ్ మనవలూ కూర్చున్నారు. చాలామంది ఉన్నారు. నాకు కొంచెం అసూయ కూడా కలిగింది, ఇంతమంది మనవలుంటే నాకెప్పుడూ చెప్పలేదేమని. చెప్పే ఉంటుంది. నేను నా గురించే మాట్లాడుతూ ఉండి ఉంటాను.

తర్వాత ఒక పెద్దావిడ లేచి, ఇక దుఃఖం దించేద్దాం అన్నట్టు ఏదో అంది. వెదురు గొట్టాలు వచ్చాయి. ఆడవాళ్ళు, పిల్లలు చాపల మీద వరుసలు కట్టారు. నేను నడుం వంచుకుని వెళ్ళి, ఎవరినీ అడక్కుండా, చివరి వరుస చివర్లో కూర్చున్నాను. నా పక్కన ఎనిమిదేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండు లేవు. నా సల్వార్ కమీజ్ వైపు, నా మొహం వైపు బాగా చూసింది.

"నువ్వెవరి తాలూకు?" అంది ఇంగ్లీషులో.

బూబూ తాలూకు అందామనుకున్నాను. ముందు కూర్చున్న ఆ మనవళ్ళందరినీ చూశాక నోరు రాలేదు. అమ్మ పేరు చెప్పినా ఇక్కడ ఎవరికి తెలుసు?

"ఇక్కడ ఎవరి తాలూకూ కాదు," అన్నాను.

ఆ పిల్ల దీన్ని గురించి కాసేపు ఆలోచించింది. లేవమంటుందేమో అనుకున్నాను.

"సరే, అయితే కాస్త జరుగు," అంది. "నా చేతులు ఆడటానికి చోటు చాలట్లేదు."

ముందు నుంచి కొత్త గొంతు ఎవరిదో ఒంటరిగా పాట ఎత్తుకుంది. నేను జరిగాను. అటు పక్క గోడ ఉంది.